బావ చేసిస్తానన్న క్యారియర్ వద్దనడం ఎలా?

కల్యాణదుర్గం వైపు నుంచి ఒకాయన నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36. బోర్లకు మోటార్లు దించడం, ఎత్తడం, చీనీ (బత్తాయి) తోటలకు డ్రిప్పు, వేరుశనగ చేలకు స్ప్రింక్లర్లు బిగించడం ఆయన పని. ఇద్దరు కుర్రాళ్లు సాయం ఉంటారు. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో పికప్ బండి కొన్నారు. తొట్టి పొడవు 9 అడుగులు, వెడల్పు అయిదున్నర. ముందు బంపర్ నుంచి వెనక డోరు దాకా మొత్తం 17 అడుగులు. ఫైనాన్స్ కంతులు ఇంకా 14 ఉన్నాయి. కొనేటప్పుడు తక్కువ పడిన 80 వేలు సర్దినది అక్క భర్త.

ఆ బావకు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తాడు. "పైపులు తాళ్లతో కట్టుకుని ఎన్నాళ్లు తిప్పుతావురా, నేను క్యారియర్ చేసిస్తా, పైసా ఇవ్వొద్దు" అన్నాడు. షాపులో మిగిలిన రెండంగుళాల యాంగిల్ ఉందట, 6 ఎంఎం మందం. వెనక రెండు కాళ్లు తొట్టికి, ముందు రెండు కాళ్లు క్యాబిన్ టాపుకు పెట్టి నేరుగా వెల్డింగ్ చేసేస్తానంటున్నాడు. మొన్న ఆదివారం వచ్చి టాపు మీద సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టి వెళ్లాడు.

ఇక ఆయన రాసిన అసలు బాధ. మూడు నెలల కిందట టాపు మీద గోనెసంచులు పరిచి, 20 అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) పైపులు కట్టుకుని వస్తుంటే, ఒక ఊరి దగ్గర స్పీడ్ బ్రేకర్ కనపడక గట్టిగా బ్రేకు కొట్టారు. కట్ట మొత్తం ముందుకు జారిపోయింది. రెండు పైపులు రోడ్డు మీద పడ్డాయి. ఎదురుగా బైక్ మీద వస్తున్న అబ్బాయి పక్కకు తిప్పుకుని బతికాడు. "ఆ అబ్బాయి మొహం ఇప్పటికీ నిద్రలో కనిపిస్తుంది సార్" అని రాశారు. ఈ సంగతి బావకు చెప్పలేదు. భార్యకు పనివాళ్ల ద్వారా తెలిసిపోయింది. ఆమె ఒకటే మాట అంటోంది: "నువ్వేం చేసుకుంటావో చేసుకో, పిల్లల్ని మాత్రం ఆ బండి ఎక్కించను."

"బావ చేసేది తప్పని మనసుకు అనిపిస్తోంది, ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను. వద్దంటే 80 వేలు తీసుకుని ఇప్పుడు పని బాగోలేదంటున్నాడని అక్క బాధపడుతుంది. ఏం చేయమంటారు?" ఇదీ ప్రశ్న.

సమాధానం:

ముందు ఆ రోజు గురించి మాట్లాడుకుందాం. మీరు దాన్ని ఉత్తరం మూడో పేజీలో, నాలుగు వాక్యాల్లో రాసి ముందుకు వెళ్లిపోయారు. కానీ మిగతా అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. మీ భార్య మాట దాని నుంచి వచ్చింది. మీ మనసులో అనుమానం దాని నుంచే వచ్చింది. బావకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆయన దృష్టిలో మీకున్న ఇబ్బంది పైపులు పెట్టుకోవడానికి చోటు లేకపోవడం. మీకున్న భయం పైపులు జారడం. ఆయన చోటు తయారుచేసి ఇస్తున్నాడు. మీరు అడగాల్సింది జారకుండా ఉండేదాన్ని. ఇద్దరూ రెండు వేరే వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నారు, రెండిటికీ క్యారియర్ అనే ఒకే పేరు ఉంది. మీ మనసుకు తప్పనిపిస్తూ, ఎందుకో చెప్పలేకపోతున్నది అందుకే.

నేను లారీ బాడీలు కట్టే షెడ్డులో చాలా ఏళ్లు పనిచేశాను. మీ బావ వేసిన ప్లాను లాంటిదే ఒకటి మా దగ్గరకు రిపేరుకు వచ్చింది. ముందు కాళ్లు క్యాబిన్ టాపు మీద, వెనక కాళ్లు తొట్టి మీద. ఎక్కడ చేయించారో ఇక్కడ అనవసరం. వెల్డింగ్ బాగానే ఉంది, చేసినవాడు పనిమంతుడే. ఒక్క వానాకాలం గడిచేసరికి అతుకు చుట్టూ టాపు రేకు చిరిగి, నీళ్లు డ్రైవర్ ఒళ్లో కారుతున్నాయి. రేకు మార్చి, మళ్లీ అదే చోట కాళ్లు పెట్టమన్నాడు ఓనరు. మా మేస్త్రి ఒప్పుకోలేదు.

కారణం ఇది. పికప్‌లో క్యాబిన్ వేరు, తొట్టి వేరు. రెండూ ఒకే చాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద కూర్చున్నాయి కానీ ఒకదానికొకటి అతికి లేవు. క్యాబిన్ కింద రబ్బరు బుష్‌లు ఉంటాయి. మీ బండి చీనీ తోటలోకి దిగేటప్పుడు, గట్టు ఎక్కేటప్పుడు ఒక చక్రం పైకి, ఇంకోటి పల్లంలో ఉంటుంది. అప్పుడు చాసిస్ మెలి తిరుగుతుంది. క్యాబిన్ ఒక దిక్కుకు, తొట్టి ఇంకో దిక్కుకు వాలతాయి. వాటి మధ్య సందు వదిలింది ఆ కదలిక కోసమే. ఆ రెండిటినీ యాంగిల్‌తో బిగించి కట్టేస్తే, మెలి తిరిగే బలమంతా ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడికి పోతుంది. క్యాబిన్ టాపు రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. 6 ఎంఎం యాంగిల్‌కు ఏమీ కాదు, రేకు చిరుగుతుంది. ఇనుము ఎంత గట్టిదైతే రేకు అంత త్వరగా పోతుంది. ఇది మీ బావ చేతిపనిలో లోపం కాదు. గేటు కట్టే గోడలు కదలవు. బండి కదులుతుంది. ఆయన ఇన్నేళ్లూ చేసిన పని కదలని వాటి మీద.

ఈ మాట మీరు నోటితో చెబితే వాదన అవుతుంది. చూపించండి. ఆయన షాపు ముందే, ఏదైనా ఎత్తు మీదకు ఒక్క వెనక చక్రాన్ని నెమ్మదిగా ఎక్కించి ఆపండి. క్యాబిన్‌కూ తొట్టి ముందు గ్రిల్‌కూ మధ్య సందును కుడివైపు, ఎడమవైపు టేపుతో కొలవమనండి. చక్రం కింద ఉన్నప్పుడు ఒక కొలత, ఎక్కించాక ఇంకో కొలత. వెల్డింగ్ పని చేసే మనిషికి ఆ తేడా చూశాక ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని ఇంకో విషయం. మీ బండి మొత్తం 17 అడుగులు. మీ పైపు 20 అడుగులు. ఎంత మంచి క్యారియర్ చేసినా మూడు అడుగులు ఎటో ఒకవైపు బయటికి ఉంటుంది. 2014 దాకా వెనక ఒక మీటరు వరకు సరుకు బయటికి ఉన్నా సరేనని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఒక వెసులుబాటు ఉండేది. బయటికి పొడుచుకొచ్చిన చువ్వలు గుచ్చుకుని జనం ప్రాణాలు పోతున్నాయని ఆ ఏడాది దాన్ని తీసేశారు. ఎర్రగుడ్డ కడితే చాలు అన్నది పాత మాట. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో 2019లో చేర్చిన భాగం ప్రకారం, సరుకు పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కు గానీ హద్దు దాటి ఉంటే 20 వేల జరిమానా, పైగా అక్కడే సరుకు దించే ఖర్చు మీదే. జరిమానా సంగతి అలా ఉంచండి. మూడు నెలల కిందట ఆ అబ్బాయి వైపు వెళ్లింది పైపు కొసే కదా. ఆ మూడు అడుగులే.

కొందరు పైపులను తొట్టి అడుగు నుంచి క్యాబిన్ మీదుగా ఏటవాలుగా పెడతారు. అలా పెట్టినా 20 అడుగుల పైపు ముక్కు బంపర్ దాటే ఉంటుంది, పైగా గాల్లోకి లేచి ఊళ్లలో కరెంటు తీగల ఎత్తుకు దగ్గరవుతుంది. జీఐ పైపు, కరెంటు తీగ. ఆ దారి వద్దే వద్దు.

అందుకే క్యారియర్ కావాలా వద్దా అని తేల్చేముందు, నెల రోజుల్లో మీరు మోసిన సరుకు ఒక కాగితం మీద రాయండి. నా లెక్క ఇలా ఉంది, తప్పయితే దిద్దుకోండి. బోరులో దించే కాలమ్ పైపులు 10 అడుగులవి. డ్రిప్పు లేటరల్స్, అంటే చెట్ల వెంట పరిచే సన్న గొట్టాలు, చుట్టల్లో వస్తాయి. మోటారు, కేబుల్, స్టార్టర్ డబ్బా తొట్టిలోనే పడతాయి. పొడుగువంటే మోటారు ఎత్తే మూడు కాళ్ల స్టాండు గొట్టాలు, నిచ్చెన, మెయిన్ లైన్ పీవీసీ, స్ప్రింక్లర్ పైపులు, అప్పుడప్పుడు జీఐ. ఇందులో 20 అడుగులవి ఎన్ని ట్రిప్పులు? మీరు వారానికి రెండు అని రాశారు.

ఆ రెండు ట్రిప్పులను విడదీస్తే ఒక దారి క్యారియర్ అసలు లేకుండా నడవడం. పీవీసీ, జీఐ పైపులను కొట్లోనే సగానికి కోయించుకోవచ్చు. 10 అడుగుల పైపు మీ తొట్టిలో వెనక డోరు మొదలు నుంచి ముందు గ్రిల్ మీదకు ఏటవాలుగా ఆనుతుంది, బయటికి రాదు. గ్రిల్ నాలుగు అడుగుల ఎత్తు ఉంటే లెక్క సరిపోతుంది. తక్కువ ఉంటే పెంచుకోవాల్సింది ఆ గ్రిల్ ఒక్కటే. ఖర్చు ఏమిటంటే ప్రతి పైపుకూ ఒక కప్లర్ (రెండు పైపులను కలిపే ముక్క) ఎక్కువ, జీఐ అయితే థ్రెడ్డింగ్ (కొసకు మర కోయడం) కూడా, ఇంకా ప్రతి అతుకూ రేపు కారే అవకాశం ఉన్న చోటు. పొడుగు మెయిన్ లైన్ వేసే రైతు దీనికి ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ సరుకు వరకు పైపుల కొట్టువాళ్లనే పొడుగు బండిలో నేరుగా చేను దగ్గర దింపమనండి. బాడుగ రైతు బిల్లులో వేరే చూపించండి. స్ప్రింక్లర్ పైపులు కోయడానికి కుదరదు, అవి ఆ బండిలోనే రావాలి. నెలకు ఎంత పోతుందో రాసి చూసుకుంటే, ఈ దారి మీకు పడుతుందో లేదో వారంలో తెలిసిపోతుంది.

రెండో దారి, బావ చేతే చేయించడం, కానీ వేరే ప్లానుతో. నా మొగ్గు దీనివైపే, ఎందుకంటే స్టాండు గొట్టాలు, నిచ్చెన మీరు రోజూ మోయాలి. దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

కాళ్లన్నీ తొట్టిలోనే ఉండాలి. గ్రిల్ దగ్గర ఒక జత, మధ్యలో ఒక జత, వెనక డోరు దగ్గర ఒక జత. క్యాబిన్ పైకి క్యారియర్ కాస్త చాచి ఉండొచ్చు, కానీ టాపును ఎక్కడా తాకకూడదు. కనీసం మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. చాచిన భాగం మీద బరువు ఆనకూడదు, అది పొడుగు గొట్టాల కొసలు ఊగకుండా పట్టుకోవడానికే. గొట్టం ఎంత పొడుగున్నా ముందు బంపర్, వెనక డోరు మధ్యలోనే ఉండాలి.

యాంగిల్ మిగిలి ఉందని అదే వాడొద్దు. 6 ఎంఎం రెండంగుళాల యాంగిల్ మీటరుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది. ఇలాంటి ఫ్రేముకు అటూ ఇటూగా 28 మీటర్లు పడుతుంది, అంటే దాదాపు 125 కిలోలు. 40 ఎంఎం చదరపు ట్యూబు 14 గేజిది (సుమారు 2 ఎంఎం మందం) మీటరుకు రెండుంపావు, రెండున్నర కిలోల మధ్య ఉంటుంది. అదే ఫ్రేము 70 కిలోల లోపు అయిపోతుంది. తేడా ఒక మనిషంత. ఆ మనిషి ఖాళీ బండిలో కూడా మీ నెత్తి మీద కూర్చుని ఉంటాడు, ప్రతి మలుపులో బండిని పక్కకు లాగుతాడు. పైగా యాంగిల్ మెలి తిరుగుతుంది, మూసిన ట్యూబు అంత సులువుగా తిరగదు.

కాళ్లు నిలువుగా, పైన అడ్డంగా పెట్టి వదిలేస్తే కుదరదు. నాలుగు మూలల చట్రాన్ని పక్కకు తోస్తే వాలిపోతుంది. మూడు మూలలది వాలదు. ప్రతి పక్కనా ఏటవాలు సపోర్టు తప్పనిసరి, ముందు నుంచి వెనక్కు ఉండేవి మరీ ముఖ్యం. గేటుకు అడ్డంగా పట్టీ ఎందుకు వేస్తారో మీ బావకు తెలుసు, ఇదీ అదే.

ఆ రోజు జరిగింది మళ్లీ జరగకుండా చేసేది మాత్రం ఇంకొకటి: ముందు అడ్డు. పైపులు ముందుకు జారితే వాటి కొసలు వెళ్లి తగలడానికి అడ్డంగా ఒక ప్లేటు ఉండాలి. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు సరుకు తన బరువులో పది వంతులకు ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోస్తుందని లెక్క వేసుకుని కట్టాలన్నది సరుకు కట్టే పనిలో అందరూ పాటించే పద్ధతి. ఇంచుంపావు జీఐ పైపు 20 అడుగులది 19 కిలోల దాకా ఉంటుంది. ఆ రోజు మీరు ఎన్ని తెచ్చారో రాయలేదు. పది అనుకుంటే 190 కిలోలు, ముందుకు తోసిన బలం 150 కిలోలకు పైనే. కింద గోనెసంచి, పైన తాడు. తాడు కిందికి నొక్కింది కానీ ముందుకు ఆపలేదు. మీ బావ ప్లానులో కూడా ఈ అడ్డు లేదు, ఎందుకంటే ఆయనకు మీరు చెప్పలేదు.

అడ్డుతో పాటు, పైపులు కూర్చునే ప్రతి బద్దె మీద రబ్బరు పట్టీ, కట్టడానికి రాచెట్ బెల్టులు (పిడితో లాగి బిగించే పట్టీలు). పాత టైరు ట్యూబు సాగుతుంది, దాని మీద ఆధారపడొద్దు. పైన మొత్తం బరువు 150 కిలోలు దాటకూడదని పెయింటుతో క్యారియర్ మీదే రాయించండి. మీరు లేనప్పుడు మీ కుర్రాళ్లు చూసేది దాన్నే. ఆ బరువు, క్యారియర్ బరువు రెండూ ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు లోపలే ఉండాలి.

ఇక బిగింపు. బండి మీద వెల్డింగ్ చేయనివ్వకండి. ఫ్రేము నేల మీద చేసి, తెచ్చి బోల్టులతో బిగించాలి. 12 ఎంఎం హైటెన్షన్ బోల్టులు, నైలాక్ నట్లు (అదురుకు ఊడకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి), తొట్టి అడుగున 6 ఎంఎం ప్లేటు. ఆ మిగిలిన ఇనుము ఇక్కడ పనికొస్తుంది. బొక్క వేసేముందు కింద పడుకుని చూడండి, అక్కడే డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు, వైరింగ్ ఉంటాయి. చాసిస్‌కు బొక్క వేయనేకూడదు. 14 గేజి ట్యూబు మీద 10 నంబర్ వెల్డింగ్ రాడ్డుతో ఎక్కువ కరెంటు పెడితే కాలి బొక్క పడుతుంది, 12 నంబర్ మంచిది. ఈ మాట మీ బావకు చెప్పక్కర్లేదు, ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ట్యూబు కొసలు మూసి, కింద చిన్న నీటి రంధ్రం వదిలి, రెడాక్సైడ్ కొట్టించండి. బిగించాక వారం ఖాళీగా తిప్పి, నట్లన్నీ మళ్లీ బిగించి, ప్రతి నట్టు మీద నుంచి ప్లేటు మీదకు ఒక పెయింటు గీత గీయండి. గీత విడిపోయిందంటే నట్టు తిరిగిందన్నమాట.

చట్టం ఈ దారికి ఎంతవరకు ఒప్పుకుంటుందో కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. టాపుకు వెల్డింగ్ చేసి అతికించినది బండి నిర్మాణాన్ని మార్చడమేనని ఎవరైనా అంటారు. విప్పి పక్కన పెట్టగలిగే స్టాండును బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎలా చూస్తారో చేయించకముందే అడగాలి. కాగితం మీద కొలతలతో బొమ్మ గీసి, ఆర్‌సీ తీసుకుని ఒక పూట వెళ్లి రండి. ఫైనాన్స్ వాళ్లకూ, ఇన్సూరెన్స్ వాళ్లకూ ఒక ఉత్తరం రాసి కాపీ ఉంచుకోండి. రేపు ఏదైనా జరిగితే క్లెయిము ఆగేది ఇలాంటి చోటే. ఇన్‌స్పెక్టరు వద్దంటే రెండో దారి మూసుకున్నట్టే. అప్పుడు మొదటి దారి, లేదంటే బండి కంపెనీ డీలరు దగ్గర ఆ మోడల్‌కు ఇచ్చే క్యారియర్ ఉందేమో అడగడం. డీలరు దగ్గర డబ్బు ఎక్కువ అవుతుంది, మీ పనికి తగ్గ కొలతలు దొరక్కపోవచ్చు, కానీ కాగితాల టెన్షన్ ఉండదు.

ఇక బావతో ఎలా చెప్పాలి.

ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడంట అని తప్పించుకోవచ్చు. సులువే. కానీ ఆయన "నేను మాట్లాడతాలే" అంటే మీ దగ్గర ఇంక మాట ఉండదు. పైగా అదే డిజైన్ రేపు ఇంకొకరి బండికి చేస్తాడు. అక్కతో చెప్పించొచ్చు. అప్పుడు మీ మాట "వాడికి నీ పని నచ్చలేదంట" అయి చేరుతుంది. మూడోది, ఆ రోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పడం. కష్టమైనది ఇదే, ఎందుకంటే ఆయన మొదటి మాట "మూడు నెలలు నా దగ్గర దాచావా" అని ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. పడండి. ఆ తర్వాత ఆయన చేతికి ఒక కొత్త పని వస్తుంది: "పైపు ముందుకు రాకుండా ఎలా ఆపాలి బావా?" ఇది ఆయన పనిని తప్పుపట్టే మాట కాదు, ఆయన పనితనం అడిగే మాట.

80 వేల సంగతి ఇందులో కలపకండి. ట్యూబుకు, బోల్టులకు అయ్యే డబ్బు మీరే కొట్లో కట్టి తెచ్చి ఇవ్వండి. కూలి తీసుకోనంటే బలవంతం చేయకండి, కానీ ఇనుము మాత్రం మీదే. బాకీ గురించి అక్క, బావ ఇద్దరూ ఉన్నప్పుడు వేరే రోజు కూర్చుని, కంతులు అయ్యాక నెలకు ఇంత అని చెప్పండి. నోరు విప్పని బాకీ ప్రతి మాట వెనకా కూర్చుంటుంది.

మీ భార్య క్యారియర్ వద్దనలేదు. ఉత్తరం మళ్లీ చదవండి, ఆమె అన్నది పిల్లల గురించి. పైన సరుకు ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు బండి ఎక్కరు, ఇంట్లోవాళ్లు ఎక్కినప్పుడు పైన ఏమీ ఉండదు. ఈ మాట ఆమెకు ఇవ్వండి, పనివాళ్ల ముందే ఇవ్వండి. అంతకన్నా ముందు, ఆ రోజు సంగతి మీ నోటితో ఒకసారి చెప్పండి. ఆమె విన్నది ఇంకొకరి నోటి నుంచి. మీరు ఎంత భయపడ్డారో ఆమెకు ఇంతవరకు తెలియదు.

నిద్ర పట్టడం లేదన్నారు. ఇన్నాళ్లయినా ఆ మొహం కనిపిస్తూనే ఉంటే, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు, ఒకసారి వెళ్లండి. బండి నడిపే మనిషికి నిద్ర లేకపోవడం కూడా ప్రమాదమే.

ఆదివారం దాకా ఆగకండి. షాపు కట్టేసే వేళకు, కుర్రాళ్లు వెళ్లిపోయాక వెళ్లండి. బండి తీసుకెళ్లండి, టేపు తీసుకెళ్లండి. టాపు మీద సుద్ద గుర్తులు అలాగే ఉండనివ్వండి, సందు కొలిచాక వాటిని ఆయనే తుడుస్తాడు. ఇద్దరూ కలిసి తొట్టిలో కాళ్ల కొలతలు వేసుకున్నాక ఆ కాగితం నాకు పంపండి. ఏటవాలు సపోర్టులు ఎక్కడెక్కడ రావాలో గీసి తిరిగి పంపుతాను.